పొత్రం బరువు

"నా పొత్రం ఎక్కడైనా చూశావా అమ్మాయ్?" అని అత్తగారు అడిగేసరికి, సింకు దగ్గర గిన్నెలు తోముతున్న కోడలి చేతిలోంచి గరిటె జారిపడింది. చూళ్ళేదత్తయ్యా, అంది వెనక్కి తిరక్కుండానే. అప్పటికి తొమ్మిది రోజులుగా అదే ప్రశ్న, అదే అబద్ధం. పొద్దున్నే ఆవిడ చిన్న రోలు ముందు కూర్చుని, అందులో మిరియాలు పోసి, అలవాటుగా చెయ్యి పక్కకి చాచి ఖాళీ నేలని తడుముతుంది. ఆ తర్వాత లేచి ఇల్లంతా గాలిస్తుంది. మంచాల కింద, బట్టల బీరువాలో, ఆఖరికి ఫ్రిజ్‌లో కూడా. నాలుగు కిలోల రాయి కాళ్ళొచ్చి నడిచిపోదు కదా.

"నువ్వే ఎక్కడో పెట్టి మర్చిపోయుంటావమ్మా" అన్నాడు కొడుకు మొదటిరోజు, ఫోన్‌లోంచి తలెత్తకుండా. మూడోరోజు ఇంటికొచ్చిన స్నేహితుడితో, "మా అమ్మ పొత్రాన్ని ఫ్రిజ్‌లో వెతుకుతోందిరా" అని చెప్పి, ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. ఇవాళ మాత్రం నవ్వలేదు. బూట్లు వేసుకుంటూ, "అమ్మని ఇక స్టవ్ దగ్గరికి రానివ్వకు. గ్యాస్ కట్టెయ్యడం మర్చిపోయిందంటే అందరం కాలిపోతాం. వంటంతా నువ్వే చూసుకో" అని భార్యకి చెప్పాడు. స్టవ్ పక్కనే నిలబడ్డ తల్లి ఆ మాట వింది. కొంగుతో చేతులు తుడుచుకుని వంటింట్లోంచి బయటికొచ్చి కుర్చీలో కూర్చుంది. తల్లికి మతిమరుపొస్తే ఆ పని భార్య నెత్తిన పడాలని ఈ మనిషికి ఎంత తేలిగ్గా తట్టింది అని కోడలికి ఒళ్ళు మండింది. కానీ మండి ఏం లాభం? పొత్రం తీసింది తనే.

ఆమె ఓ ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఇళ్ళకి వెళ్ళి రక్తం తీసి గొట్టాల్లో నింపి, వాటి మీద పేర్లు రాసి పంపుతుంది. రెండు నెలల క్రితం ల్యాబ్ వాళ్ళు వ్యాన్ మానేశారు. ఇకనుంచి ఎవరు తీసిన రక్తం వాళ్ళే ల్యాబ్ మోటార్‌సైకిల్ మీద, ఇరవై కిలోమీటర్ల అవతల హైవే పక్కనున్న పెద్ద ల్యాబ్‌కి చేర్చాలన్నారు. ఇంట్లో ఆ ఊసెత్తితే, "నువ్వా? హైవే మీదా? కిటికీ రెక్క కొట్టుకుంటేనే ఉలిక్కిపడతావు. బండెక్కాల్సిన ఉద్యోగమైతే మానేసి ఇంట్లో కూర్చో" అన్నాడు భర్త. మానలేదు. వ్యాన్ మళ్ళీ పెట్టారని ఇంట్లో చెప్పి, ల్యాబ్‌లో అందరూ గేరక్క అని పిలిచే పాత ఉద్యోగిని దగ్గర ఖాళీ మైదానంలో మూడు వారాలు బండి నేర్చుకుంది.

మైదానం వేరు, హైవే వేరు. రెండు వైపులా చెట్టూ చేమా లేని పొలాలు. వేగం అరవై దాటేసరికి ఎడమ నుంచి గాలి భుజం పట్టి తోసినట్టు కొట్టేది. లారీ పక్కకి వస్తే గాలి టక్కున ఆగిపోయేది, దాటగానే చెంప మీద కొట్టినట్టు మళ్ళీ తగిలేది. ఆమె హ్యాండిల్‌ని ప్రాణాలుగ్గబట్టుకుని బిగించేది. ఎంత బిగిస్తే బండి అంత వణికేది. బండి దిగాక గొట్టాల మీద పేర్లు సరిచూసి సంతకం పెడదామంటే వేళ్ళు ముడుచుకుపోయి కలం నిలిచేది కాదు. నేను మరీ తేలిక, బరువుంటే గాలి ఏం చేస్తుంది అనుకుంది. మర్నాడు పొత్రాన్ని తువ్వాల్లో చుట్టి తీసుకెళ్ళి బండి ఎడమ సంచిలో పడేసింది. నవ్వొస్తే నవ్వండి. భయపడ్డ మనిషి తెలివి అలాగే ఏడుస్తుంది.

సాయంత్రం తిరిగి తెద్దామనుకుని మరిచిపోయింది. మర్నాడు అత్తగారు వెతకడం, కొడుకు వెక్కిరించడం మొదలయ్యాయి. అప్పుడే చెప్పెయ్యాల్సింది. పొత్రం సంగతి చెబితే బండి సంగతి బయటపడుతుంది, బండి సంగతి బయటపడితే ఉద్యోగం పోతుంది అని నోరు మెదపలేదు. నిజం చెప్పాలంటే ఉద్యోగం ఒక్కటే కాదు. ఆ ఇరవై కిలోమీటర్లలో ఆమెని నా తువ్వాలేది, నా మందులేవి, టీ ఇంకా కాలేదా అని అడిగేవాళ్ళెవరూ ఉండరు. ఎంత భయమేసినా ఆ దారి ఆమెకి నచ్చింది. దానికోసం ఓ ముసలావిడ తన బుర్ర మీద తనకే నమ్మకం పోగొట్టుకుంటుంటే చూస్తూ ఊరుకుంది.

అత్తగారిని స్టవ్ దగ్గరికి రానివ్వద్దన్న రోజు మధ్యాహ్నం, ముందు పోతున్న లారీ వెనక చాటున గాలి ఆగగానే బండి ఎడమకి ఒరిగి, రోడ్డు దిగి మట్టిలోకి పోయింది. వెనకే మరో బండి మీద వస్తున్న గేరక్క ఆపి, సంచి తడిమి, తువ్వాలు విప్పింది.

"ఎవరమ్మా నువ్వు, పొత్రం కట్టుకుని హైవే ఎక్కావు?" అని రోడ్డు పక్కనే కూలబడి కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నవ్వాగాక, "గాలి తోస్తున్నంతసేపూ నువ్వు దానికి ఎదురొరుగుతున్నావు. అది ఆగగానే నీ ఒరగడమూ, ఈ రాయీ కలిసి నిన్ను మట్టిలోకి లాగుతాయి. చేతులు వదులు చెయ్. మోకాళ్ళతో ట్యాంకుని గట్టిగా పట్టుకో. బండి కాస్త ఊగుతుంది, ఊగనీ. లారీ దాటబోతున్నావంటే గాలి దెబ్బ వస్తుందని ముందే అనుకో" అంది.

ఆ రాయిని గేరక్క తన సంచిలో వేసుకుంది. మిగిలిన దారంతా ఆమె చేతులు వదులుచేసి నడిపింది. బండి ఊగింది, పడలేదు. అంటే ఆ పొత్రం అక్కరే లేదన్నమాట. ఆ మాట తట్టాక మాత్రం కళ్ళు మసకబారి, హెల్మెట్ అద్దం పైకెత్తాల్సి వచ్చింది.

ఇంటికొచ్చి అత్తగారి దుప్పటి మారుస్తుంటే దిండు కింద పాత కాలెండర్ కాగితం కనిపించింది. దాని వెనక వణికే అక్షరాలు. ఉప్పు, పైన ఎడమ అర. మందులు, టీవీ పక్కన. కొడుకు పుట్టినరోజు. కోడలి పుట్టినరోజు. పెళ్ళికి ముందు తన ఇంటిపేరు. అన్నిటికన్నా కింద, పొత్రం అని రాసి, ఎదురుగా ఏమీ రాయకుండా వదిలేసి ఉంది. రోజూ పొద్దున్నే ఆవిడ కళ్ళు మూసుకుని పెదాలు కదిపేది జపానికి కాదని కోడలికి అప్పుడు తెలిసింది. గేరక్క తిరిగిచ్చాక తన సంచిలో ఉన్న రాయిని చప్పుడు కాకుండా రోలు పక్కన పెట్టేస్తే ఎవరికీ ఏమీ తెలియదు, నిజమే. కానీ, చూశావా, కళ్ళ ముందున్నదే నీకు కనబడలేదు అంటాడు కొడుకు. అది చాలు ఆవిడని నిజంగా పిచ్చిదాన్ని చెయ్యడానికి.

మర్నాడు ముగ్గురూ టీ తాగుతుండగా, ఆమె పొత్రం తెచ్చి బల్ల మీద పెట్టింది. పక్కన హెల్మెట్ కూడా పెట్టింది.

"నేనే తీశానత్తయ్యా. మోటార్‌సైకిల్ మీద గాలికి భయమేసి, బరువు కోసం తీసుకెళ్ళాను. మీరు వెతుకుతుంటే చూస్తూ కూడా చెప్పలేదు."

"మోటార్‌సైకిలా? ఎవర్నడిగి నేర్చుకున్నావు?" అని లేచాడు భర్త.

"నువ్వు కూర్చో" అంది తల్లి. ఆవిడ పొత్రాన్ని ముట్టుకోలేదు. గదిలోకి వెళ్ళి కాలెండర్ కాగితం, కలం తెచ్చుకుంది. కింది వరసలో నిదానంగా ఏదో రాసి కొడుకు ముందుకి తోసింది.

"పైకి చదువు."

"ఇప్పుడిదంతా ఎందుకమ్మా..."

"నలుగురిలో నవ్వావుగా. చదువు."

"పొత్రం, కోడలు తీసింది" అని చదివి ఆగాడు. ఆవిడ చూపు తిప్పలేదు. "నేను మర్చిపోలేదు" అని మిగతాదీ చదివాడు గొంతు తగ్గించి.

అత్తగారు కాగితం మడిచి రొంటిన దోపుకుంది. కోడలి వంక చూసింది. కోడలు తల దించుకుంది, ఏ మాటన్నా పడాల్సిందేననుకుంది.

"తొమ్మిది రోజులు" అంది అత్తగారు. "నీతో ఇప్పట్లో మాట్లాడను. ఎన్నాళ్ళో నాకే తెలీదు."

"సరే అత్తయ్యా."

ఆవిడ హెల్మెట్ తీసి కోడలి చేతిలో పెట్టి, పొత్రం ఎత్తుకుని స్టవ్ వైపు నడిచింది.

"వెళ్ళు. గాలి ముదరకముందే వెళ్ళు."