పొట్టమీద సంచి

ఛీ, ఎన్నిసార్లు సబ్బు పెట్టి కడిగినా ఆ వాసన చేతుల్ని వదలదు. నలభై ఏళ్ళు మడి కట్టుకుని వండిన మీనాక్షి, ఆ వండినదంతా మనిషి లోపలికి పోయి ఏమవుతుందో ఏనాడూ ఆలోచించిన పాపాన పోలేదు. ఇప్పుడు దేవుడు కళ్ళకెదురుగా పెట్టి మరీ చూడమంటున్నాడు.

ఆమె భర్త రామం జమ్మలమడుగులో గుడి పూజారి. పేగు కుళ్ళితే ప్రొద్దుటూరులో ఆపరేషన్ చేసి, చిన్నపేగు కొసను పొట్టమీద బయటికి తీసి, దానికో ప్లాస్టిక్ సంచి అంటించారు. పొద్దున తిన్న ఉప్మా మధ్యాహ్నానికి అందులోకి దిగేది. నోట్లో సగం నలిగి, కడుపులోని పులుపులో నాని, పైత్యరసం కలిసి పచ్చటి జావ. టమాటా తొక్కలైతే మింగినవి మింగినట్టే. తూ, అదేం రోతో! మొదటి వారం అదంతా చూసిన మీనాక్షి, ఆ తర్వాత కొంగు ముక్కుకు బిగించి, మొహం అటు తిప్పుకుని సంచి ఖాళీ చేసేది.

రెండు నెలల్లో ఐదు కిలోలు పెరిగితేనే పేగును మళ్ళీ లోపల కలిపి కుడతానన్నాడు డాక్టరు. రామం పెరగకపోగా రెండు కిలోలు తగ్గాడు. కంచం చూస్తే పూటపూటా కడిగినట్టు ఖాళీ. తిన్నదంతా ఎక్కడికి పోతోందో ఆమెకు అంతుపట్టలేదు.

ఆ సంగతి పక్కింటి సంజీవమ్మ తేల్చింది. మేకలు మేపుకునే మనిషి, మాటకు ముందూ వెనకా చూసుకోదు. పొట్ట ఉబ్బిపోయిన మేకపోతును వాకిట్లోకి ఈడ్చుకొచ్చింది.

"స్వామి దినామూ కిటికీలోంచి దీనికి అన్నం పెడతాండాడమ్మా. ఆకు మేసేదానికి అన్నం యాడ అరుగుతాది? సస్తాది. వద్దని చెప్పు."

మీనాక్షి లోపలికి పోయి, ఇన్నాళ్ళకు మళ్ళీ ఆ సంచిని తిన్నగా చూసింది. పచ్చనీళ్ళు తప్ప ఒక్క మెతుకు లేదు. ఏం, చచ్చిపోదామనా అని అడిగింది.

రామం గోడవైపు తిరిగాడు. "నువ్వు ముక్కు మూసుకునేది చూస్తాండా గదా. తినకుంటే నీకా పని తప్పుతాదనుకుంటి."

ఆమెకు సిగ్గుతో తల తీసేసినట్టయింది. అన్నం మెత్తగా పిసికి పెట్టి, అతను ముద్ద ముద్దా నమిలి మింగేదాకా ఎదురుగా కూర్చుంది. సాయంత్రానికి సంచి నిండింది. కొంగు జోలికి పోకుండా విప్పింది. వాసన గుప్పున కొట్టింది. పెరట్లోకి పరిగెత్తి భళ్ళున కక్కుకుంది. నోరు పుక్కిలించి వచ్చేసరికి రామం బిక్కమొహం వేసుకుని చూస్తున్నాడు.

"బాగా అరిగింది. రాత్రికి ఏం వండాల్నో చెప్పండి," అంటూ మళ్ళీ సంచి చేతిలోకి తీసుకుంది.