ఏడు వరుసల రాయి

క్వారీలో చరియ విరిగిపడి ఏడుగురు పోయారు. అందులో మా అన్నయ్య ఒకడు. వాళ్ల స్మారకానికి పేర్లు చెక్కే పని నాకే వచ్చింది. చుట్టుపక్కల రాతిమీద అక్షరాలు చెక్కేది నేనొక్కదాన్నే మరి.

కంపెనీ ఇంజనీరు తెచ్చిన కాగితం చూడగానే అరికాలి మంట నెత్తికెక్కింది. పైన ఏడు వరుసలు, బెత్తెడేసి అక్షరాలు. అన్నీ చైర్మన్ గారి పేరూ, పదవులూ, బిరుదులే! అడుగున ఒకే వరుసలో, గోరంత అక్షరాల్లో, చచ్చిపోయినవాళ్లు.

రాయి మరీ ఘోరం. గులాబీ రంగు, శనగగింజలంత గింజ. భూమి లోపల తీరిగ్గా చల్లారిన రాయికి గింజలు అలాగే లావెక్కుతాయి. పైకి పొంగి గబగబా చల్లారిన నల్లరాయికైతే గింజ కంటికే ఆనదు, చీమకాలంత గీత కూడా నిలుస్తుంది. ఈ ముతకరాయిలో గోరంత అక్షరం గీత గింజకంటే సన్నం. ఉలి తగిలితే గింజకు గింజే ఊడొస్తుంది. ఉలిని తప్పించుకున్నది వానలకు రాలుతుంది.

ఒక ముక్కమీద అన్నయ్య పేరులో మొదటి అక్షరం చెక్కి చూపించాను. మూడు దెబ్బలకే గుంట మిగిలింది.

"చూశారా సార్? నల్లరాయన్నా ఇప్పించండి, పేర్లన్నా పెద్దవి చెయ్యండి."

"రాయి చైర్మన్ గారే సెలెక్ట్ చేశారు. ఆయన ఆఫీసు ఫ్లోరింగ్‌కి మ్యాచింగ్. అయినా ఆ కింది పేర్లు దగ్గరికొచ్చి ఎవరు చదువుతారమ్మా?"

గుమ్మం దగ్గర కూర్చున్న వదిన ఆ మాట వింది. అతను వెళ్లాక నన్ను ఒక్కటే అడిగింది. "మీ అన్నయ్య పేరు వానకి పోతుందా?"

నాకు ఏడుపొచ్చింది. అంతకు మించి కోపమొచ్చింది.

పది రోజులు చెక్కాను. ఇంజనీరు ఒక్కసారైనా వచ్చి చూడలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నవాడికి చూడాల్సిన పనేముంది?

ఆవిష్కరణనాడు చైర్మన్ గారు గుడ్డ లాగారు. ఏడు వరుసల్లో ఏడు పేర్లు, బెత్తెడేసి అక్షరాలు. ఆయన కళ్లజోడు సవరించుకుని తన పేరు కోసం కింది దాకా వెతికారు. చివరికి నడుం వంచాల్సొచ్చింది. మొదటి రెండక్షరాలు అప్పటికే రాలిపోయాయి.

"ఏంటమ్మా ఇది?" ఇంజనీరు పళ్లు నూరాడు.

"మీరిచ్చిన సైజులే సార్. ఎవరికి ఏదన్నదే మార్చాను. అయినా ఆ కింది పేరు దగ్గరికొచ్చి ఎవరు చదువుతారు?"

"రేపే ఈ రాయి పీకించేస్తా!"

అప్పటికే వదిన వెళ్లి మూడో వరుసమీద అరచెయ్యి ఆనించింది. మిగతా ఆరిళ్లవాళ్లూ ఒక్కొక్కరే లేచి, తమ వరుస వెతుక్కుని, పక్కన నిలబడ్డారు.

"రేపెందుకు, ఇప్పుడే పీకించండి," అంది వదిన, చెయ్యి తియ్యకుండా.