కొండనాలుకవారి కొలువు

మా వంశంలో రాజ్యాలేలినవారు లేరు. అయితే మా నోళ్లలో మాత్రం ఒక నిరంకుశ ప్రభువు తరతరాలుగా కొలువుదీరి ఉన్నాడు. ఆయనే కొండనాలుకవారు. పళ్లు తోముకునే బ్రష్షు కాస్త లోపలికి పోయినా, డాక్టరు చెంచాతో నాలుక నొక్కినా వారికి అపచారం జరిగినట్టే. ఉత్తరక్షణంలో కళ్లలో నీళ్లు, గొంతులో గర్జన, ఎదుట ఉన్నవారి పలాయనం. ఈ ఆస్తి మాకు అమ్మ వైపు నుంచి సంక్రమించింది. నాన్న వైపు నుంచి వచ్చింది కట్టుడు పళ్ల దుకాణం. నోటిలో వేలు పెట్టడమే వృత్తి అయిన ఇంట్లో వేలు పెట్టనివ్వని నోళ్లు పుట్టడం విధి వేసిన వేళాకోళం. దానికి నవ్వినవాళ్లందరూ బయటివాళ్లే.

ఆ ప్రభువుతో నాకు బహిరంగ యుద్ధం వచ్చింది మాత్రం యాభై దాటాక.

నేను మా ఊరి అక్వేరియంలో పనిచేస్తాను. అక్కడి అతి పెద్ద తొట్టె నా ఏలుబడిలో ఉంది. పైనున్న ఇనుప వంతెన మీద నిలబడి, మూత ఎత్తి, మేత వేసి, నీటిలో ఉప్పు చూసి, మళ్లీ మూత దించడం నా రాజకార్యం. ఆ తొట్టెలో ఒక సముద్రపు తాబేలు ఉంది. వల కోసుకున్న గాయంతో వచ్చిన నాడు పళ్లెమంత ఉండేది, ఇప్పుడు భోజనాల బల్లంత అయింది. దానికి నేను పెట్టిన పేరు మామగారు. పెళ్లి చేసుకోని నాకు ఆ బంధుత్వం మరో దారిన లభించే అవకాశం లేదు. ఏం పెట్టినా మెచ్చకపోవడం, ఏం చేసినా ఓ మూల నుంచి రెప్ప వాల్చి పరిశీలించడం, పిలిచినప్పుడు రాకుండా పిలవనప్పుడు రావడం చూస్తే ఆయన ఆ పదవి కోసమే పుట్టాడని ఎవరైనా ఒప్పుకుంటారు.

కొత్త మేనేజరు వస్తూనే ఒక శాసనం జారీ చేశాడు. తొట్టె ఎవరి చేతిలో ఉంటే వారు అందులోకి దిగగలగాలి, అద్దాలు లోపలి నుంచి తుడవాలి, జంతువుల ఆరోగ్యం దగ్గరగా చూడాలి. దిగలేనివారికి టికెట్ల కిటికీ.

"కిటికీ దగ్గర ఫ్యానుంటుందండీ. కుర్చీ కూడా మెత్తగా ఉంటుంది," అని ఆయన నన్ను ఊరడించాడు.

"అక్కడికి మామగారు రారు కదండీ," అన్నాను.

"దానికేముందండీ, ఆయనకి ఫ్రీ పాసు ఇప్పిద్దాం," అన్నాడు ఉదారంగా.

ఈత నాకు బాగానే వచ్చు. నేర్చుకోవలసింది నీళ్ల అడుగున ఊపిరి తీయడం. ఈతకొలను దగ్గర నాకు గురువుగా దొరికిన డైవింగ్ మాస్టారు నా ఉద్యోగం కన్నా వయసులో చిన్నవాడు. వీపున సిలిండరు, ముఖాన మాస్కు బిగించి, గొట్టం చివరనున్న రబ్బరు మౌత్‌పీస్ నా చేతికిచ్చి, "పళ్లతో మెల్లగా పట్టుకోండి మేడమ్, అంతే," అన్నాడు. ఆ "అంతే" అన్న మాటలో ఎంత అజ్ఞానం ఉంటుందో ఆ క్షణంలో నాకు తెలిసింది. రబ్బరు అంగిలికి తగిలీ తగలకముందే ప్రభువులవారు సింహాసనం దిగారు. నా గర్జనకు అవతలి గట్టున ఈత నేర్చుకుంటున్నవాళ్లు పైకెక్కి తువ్వాళ్లు కప్పుకున్నారు.

"అది ఊపిరి కోసమండీ, మింగడానికి కాదు," అన్నాడు మాస్టారు.

"నేను మింగడం లేదు నాయనా. అదే నన్ను మింగేస్తోంది."

ఆ సాయంత్రం నాకు నాన్న గుర్తొచ్చాడు. మా వీధి వైపు గదే ఆయన దుకాణం. నేల నుంచి కప్పు దాకా అలమరాలు, వాటినిండా తెల్లటి ప్లాస్టర్ దవడలు. దర్జీ, హెడ్మిస్ట్రెస్, సైకిళ్ల కొట్టాయన, ఆయనతో గోడ తగాదా పడ్డ పక్కింటి ప్లీడరు. బయట ఎదురుపడితే ముఖాలు తిప్పుకునేవాళ్లు మా అలమరాలో పక్కపక్కనే నోళ్లు తెరుచుకుని కూర్చునేవారు. తడి ప్లాస్టర్ వాసన, కాలితో తొక్కే సానచక్రం చప్పుడు, వీటి మధ్య నేను అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పటికీ ఎక్కడైనా గోడకు ప్లాస్టర్ కొడుతుంటే నాకు పలక మీద రాయాలనిపిస్తుంది.

కొలత తీసే ముద్ద నోట్లో పెట్టగానే డోక్కునే గిరాకీలు నాన్నకు కొల్లలు. వారికి ఆయన ఉపదేశం ఒకటే. "నోరుందని మరిచిపోండి. ముక్కుతో గాలి పీల్చండి. నాతో పాటు కూనిరాగం తీయండి." ఆపైన ఆయన అందుకునేవాడు. ఆ రాగానికి తల్లిదండ్రులెవరో సంగీతం తెలిసినవాళ్లు కూడా తేల్చలేకపోయారు. తాళం మాత్రం సానచక్రం తొక్కుడుది. మనిషి ఇంత దారుణంగా ఎలా పాడగలడని గిరాకీ ఆశ్చర్యపోతుండగానే ముద్ద గట్టిపడిపోయేది. బజారులో ఎదురైనప్పుడు ఆయన పళ్లు కట్టించుకున్నవాళ్లు నమస్కారం బదులు ఆ రాగం తీసేవారు. పదవులు, బిరుదులు ఉన్నవాళ్లకు కూడా అంతటి స్వాగతం దక్కడం నేను చూడలేదు.

ఇంటివాళ్ల దవడలు కూడా అలమరాలో ఉండాలని ఆయన పట్టు. అక్కది తీశాడు. అమ్మది ఎన్నో యుద్ధాల తరవాత తీశాడు. నా వంతు వచ్చిన రోజున నేను దుకాణం నేలకూ, హెడ్మిస్ట్రెస్ గారి సరికొత్త పళ్లకూ ఏకకాలంలో అభిషేకం చేశాను. నాన్న నేల కడుగుతూ, "తొందరేముందే, నీ నోరెక్కడికి పోతుంది," అన్నాడు. నా నోరు ఎక్కడికీ పోలేదు. ఆయనే వెళ్లిపోయాడు.

అందుకని మర్నాడు కొలనులో నేను నాన్న ఉపదేశాన్ని శిరసావహించాను. మౌత్‌పీస్ మునిపళ్లతో పట్టుకుని, నోరుందని మరిచిపోయి, మాస్కులోకి ముక్కుతో గాలి వదిలాను. మాస్కు ముఖం మీద నుంచి లేచింది. ముక్కుతో పీల్చాను. కొలను లోపలికి వచ్చింది. మాస్టారు నన్ను గట్టుకు లాగి మాస్కు ఊడదీశాడు.

"ముక్కుతో పీల్చమని ఎవరు చెప్పారమ్మా మీకు?"

"మా నాన్న."

"ఆయన డైవరా అండీ?"

"కాదు. కట్టుడు పళ్లు చేసేవాడు."

ఆయన తల మీది నీళ్లు తుడుచుకున్నాడు. "ఇదిగో, ఇది పాత మౌత్‌పీస్. ఇంటికి తీసుకెళ్లి ఏం చేసుకుంటారో చేసుకోండి. శనివారం ఆఖరుసారి చూద్దాం. అప్పటికీ కాకపోతే, మేనేజరుగారికి కాలేదనే చెప్పాలమ్మా నేను."

దుకాణం ఇప్పుడు అక్కది. నేను మౌత్‌పీస్‌ను బల్ల మీద పెట్టగానే కళ్లజోడు సవరించుకుని, కంసాలి ఇత్తడిని చూసినట్టు చూసింది.

"ఏమిటే ఇది? గుర్రానికి పెట్టేదా?"

"నాకే."

"పెద్ద తేడా లేదులే."

జరిగింది చెప్పాను. నవ్వు ఆపుకోలేక అక్క సానయంత్రం కట్టేసింది. "నీళ్లలో ముక్కుతో పీల్చావా? ఒసే, నాన్న చెప్పింది ఈ కుర్చీలో కూర్చున్నవాళ్లకే! ఆయన మాట సగమే వినడం నీకు మొదటి నుంచీ ఉంది. మరి కూనిరాగం సంగతేమైంది? రాగం తీస్తే గాలి ఎటు పోతుంది?"

"బయటికి."

"మరి? నోట్లో పెట్టుకుని రాగం తీస్తూ బయటికొదులు. గొంతుకేదో పని చెప్తే గొడవ చెయ్యదు. అమ్మ కొలత కూడా నాన్న అలాగే కదా తీశాడు. ముందు ఈ రబ్బరు కొయ్యాలి, నీ నోటికిది మరీ పొడుగు. అంగిలి కొలత కావాలి. కూర్చో."

నాన్న కుర్చీ. తరాల రోగులు భయంతో పట్టుకుని అరగదీసిన చేతులు. గులాబీ రంగు ముద్ద నింపిన ట్రే నా పెదవులు దాటగానే ప్రభువులవారు లేచి నిలబడ్డారు. అక్క రాగం అందుకుంది. నాన్న కన్నా హీనంగా పాడగలవారు ఉంటారని నేను అంతవరకూ అనుకోలేదు. కానీ అక్క పాదం నేలను తొక్కుతోంది. సానచక్రం కరెంటుతో తిరగడం మొదలై ఏళ్లయింది, తొక్కడానికక్కడ ఏమీ లేదు. ఆ లేని పెడలు తాళానికి నేనూ గొంతు కలిపాను. లోపల ప్రభువులవారు కాసేపు తటపటాయించి, ఈ గొంతును ఎక్కడో విన్నానే అన్నట్టు, మెల్లగా కూర్చున్నారు.

అచ్చు పోసి, విప్పి, అక్క వెలుతురుకు పట్టుకుని చూసింది. "దంతాలు బాగా అరిగాయే నీకు. నిద్రలో ఎవర్ని నములుతున్నావ్?" అంటూ తీసుకెళ్లి అలమరాలో తన దవడకూ అమ్మ దవడకూ మధ్య పెట్టింది. అది సరిగ్గా ఇమిడింది. అన్నేళ్లు ఆ చోటు ఎందుకు ఖాళీగా ఉంచావని అడిగాను.

"ఇరుకు చోటు. ఇంకేం పడుతుందక్కడ," అని అక్క యంత్రం ఆన్ చేసి రబ్బరు చెక్కడం మొదలుపెట్టింది.

శనివారం దాకా ఆ కురచ మౌత్‌పీస్ నోట్లో పెట్టుకునే ఇల్లు ఊడ్చాను, బట్టలు ఆరేశాను. నేను బదులు చెప్పలేని ఈ సువర్ణావకాశాన్ని అక్క వదులుకోలేదు. చిన్నప్పుడు నేను విరగ్గొట్టిన దువ్వెన దగ్గర్నుంచి మొదలుపెట్టి తన ఫిర్యాదులన్నీ వరసగా వినిపించింది. నేను రాగం తీస్తూ విన్నాను.

శనివారం కొలను అడుగున కూర్చుని, మాస్టారు చాలని చెయ్యెత్తేదాకా పైకి రాలేదు. వచ్చాక ఆయన, "పంపు చెడిందేమో అనుకున్నానమ్మా, ఏదో చప్పుడొస్తుంటే," అన్నాడు. మేనేజరుతో మాత్రం అయిందనే చెప్పాడు.

సోమవారం నేను మొదటిసారి మూత కింద నుంచి నా తొట్టెను చూశాను. పైనుంచి పచ్చని నీళ్లుగా మాత్రమే తెలిసిన చోటు లోపల ఒక గదిలా ఉంది. నాన్న రాగం బుడగలై నా చెవుల పక్క నుంచి పైకి పోతోంది. మామగారు మూల నుంచి కదిలి, నా చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, కోడలి వంట తప్పు పట్టడానికి వచ్చినట్టు ఎదురుగా ఆగాడు. మేతకు తెచ్చిన ఆకు అందించాను. నోరు తెరిచాడు.

ఇన్నేళ్లూ పైనుంచి మేత వేసిన నాకు ఆ నోరు అంత దగ్గరగా కనిపించడం అదే మొదలు. లోపల ఒక్క పన్ను లేదు. నున్నటి విశాలమైన దవడ, తాబేలుకు అంతే ఉంటుంది. ఎదురుగా ఇలాంటి నోరుండి కూడా నాన్న కొలత తీయకుండా ఊరుకునేవాడా అనిపించింది. నవ్వొచ్చింది. మౌత్‌పీస్ అంచున కాస్త నీళ్లు చేరాయి, ప్రభువులవారు చెవి నిక్కించారు. నేను రాగం కాస్త గట్టిగా అందుకున్నాను.

మామగారు ఆకు మింగి, ఎప్పటిలాగే మెచ్చుకోకుండా, పోకుండా, అక్కడే ఉన్నాడు.