లాగ్‌లో కేశవరావు అడ్రసు

ఫరీదాబాద్‌లోని ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో విష్ణు నెట్‌వర్క్ పని చూసేవాడు. కాకినాడ నుంచి వచ్చిన కొత్తల్లో, డిజైన్ సెక్షన్‌లో ఉండే కేశవరావే అతనికి గది వెతికిపెట్టాడు. ఇంట్లో మనిషిలా చూసుకున్నాడు.

ఈమధ్య కంపెనీ డ్రాయింగులు బయటికి పొక్కాయని పుకారు లేచింది. ఫైర్‌వాల్ లాగ్ రోజూ చూడమని మేనేజర్ ఖన్నా చెప్పాడు. ఆఫీసు నుంచి అనుమతి లేకుండా బయటికి పోబోయేవాటిని ఫైర్‌వాల్ ఆపేసి, ఏది ఎక్కడికి పోబోయిందో లాగ్‌లో రాసిపెడుతుంది. ఒక ఉదయం అందులో ఒకే నెట్‌వర్క్ అడ్రసు మళ్లీ మళ్లీ కనిపించింది. ఏదో విదేశీ సర్వర్ కోసం ప్రయత్నిస్తూ ఉంది. ఎవరిదా అని చూస్తే కేశవరావు ల్యాప్‌టాప్‌ది.

విష్ణు ముందు ఆయన్నే అడుగుదామనుకున్నాడు. కానీ నిజంగా ఆయనే చేసుంటే, తెలిసీ దాచానన్న మాట తన మీదికి వస్తుందని భయపడి ఖన్నా దగ్గరికి వెళ్లాడు. కాసేపట్లోనే ల్యాప్‌టాప్ తీసేసుకుని కేశవరావుని ఇంటికి పంపేశారు. గేటు దగ్గర అందరూ చూస్తుండగా గార్డు ఆయన సంచీ వెతికాడు.

మధ్యాహ్నం విష్ణు మళ్లీ లాగ్ తెరిచాడు. ల్యాప్‌టాప్ ఖన్నా బీరువాలో ఉంది, ఆఫ్ చేసి. అయినా అదే అడ్రసు నుంచి కొత్త లైన్లు వస్తూనే ఉన్నాయి.

వైరు పట్టుకుని వెతుక్కుంటూ పోతే స్టోర్స్ గుమ్మం మీద కొత్తగా బిగించిన కెమెరా దగ్గర తేలింది. బిగించినవాళ్లు చూసుకోకుండా కేశవరావు అడ్రసే దానికీ పెట్టారు. ఒకే అడ్రసు రెండింటికి ఉంటే దేనికీ నెట్ సరిగ్గా అందదు. అది టైము సరిచేసుకోవడానికి తనని తయారుచేసిన విదేశీ కంపెనీ సర్వర్‌ని పిలుస్తోంది. వైరు పీకగానే లైన్లు ఆగిపోయాయి.

ఖన్నా విని, "అచ్ఛా, ఠీక్ హై," అని, రేపటినుంచి ఆయన్ని రమ్మనమన్నాడు. ఎవరు చెప్పారన్నది బయటపెట్టక్కర్లేదన్నాడు.

విష్ణు ఆ సాయంత్రమే కేశవరావు ఇంటికి వెళ్లాడు. తలుపు తీసిన ఆయన భార్య అన్నపూర్ణేశ్వరి పక్కకి తప్పుకుంది. విష్ణు నిలబడే అంతా చెప్పాడు, ఖన్నాకి చెప్పింది తనేనని కూడా.

"తెలుసు," అన్నాడు కేశవరావు. "ఆ లాగ్ చూసేది నువ్వొక్కడివేగా."

"తప్పయిపోయింది బాబాయ్."

"నిన్న సాయంత్రం నుంచీ నా నెట్ ఆగి ఆగి వస్తోంది. నీకు చెబుదామనే అనుకుంటున్నాను. వచ్చి ఒక్కమాట అడిగుంటే అప్పుడే తెలిసిపోయేది కదరా."



మర్నాడు కేశవరావు పనిలోకి వచ్చాడు. జరిగినదాని మీద ఖన్నా రిపోర్టు అడిగితే, విచారించకుండా పేరు చెప్పింది తనేనని విష్ణు రాశాడు. అంత అవసరం లేదని ఖన్నా ఆ వాక్యం కొట్టేశాడు. విష్ణు దాన్ని మళ్లీ చేర్చి పైవాళ్లకి పంపాడు. కేశవరావుకీ ఒక కాపీ పెట్టాడు. ఆయన చదివాడో లేదో ఎప్పుడూ చెప్పలేదు.