బాలి చొక్కా

మూడు గుండీలు తెగిన చొక్కాను రెండు చేతులతో దగ్గరికి పట్టుకుని బాలి మొద్దుల గుట్ట వెనక నుంచి వచ్చింది. ఆ వెనకే మేస్త్రి పోతయ్య బీడీ ముట్టించుకుంటూ వచ్చాడు. సారపాక దారిలోని ఆ కలప డంపులో జామాయిల్ బెరడు తీసే ముప్ఫై మంది ఆడకూలీలూ చూశారు. చూసి, మళ్లీ బెరడు మీదికి వంగారు.

"ఊకో బిడ్డా, పని పోతది," అంది తల్లి భీమక్క.

చీర మీద మొగుడిదో తండ్రిదో పాత చొక్కా తొడుక్కుని పనిలోకి దిగడం అక్కడి ఆడవాళ్ల అలవాటు. భీమక్క ఆ చొక్కాను వాగులో ఉతికి, గుండీలు కుట్టి, తీగ మీద ఆరేసింది. తెల్లారి బాలి దాన్ని ముట్టలేదు. ఖమ్మం బస్సెక్కి పోయింది. రెండేళ్లయినా కబురు లేదు. భీమక్క ఇప్పటికీ ఎసట్లో ఇద్దరి బియ్యం పోయబోయి, సగం వెనక్కి తీస్తుంది.

రెండువేల ఏడు ఎండాకాలంలో డంపులోనే పనిచేసే అంతోనమ్మ కూతురు బ్లెస్సీ సెలవులకు వచ్చింది. హైదరాబాదులో బొమ్మలేసే చదువు ఆమెది. ఆడవాళ్లను చర్చి వెనక కూర్చోబెట్టి, పోతయ్య చెయ్యి ఎక్కడ పడిందో తమ పని చొక్కా మీద అక్కడ ఎర్రమన్నులో ముంచిన చెయ్యి అద్దమంది. పట్నంలో ప్రదర్శన పెడతానంది. నీ చదువుకు మా సిగ్గు కావాల్నా అని కూలీల్లో ఒకతె, గంగక్క, ఎత్తిపొడిచింది.

భీమక్క అంది: "పట్నపోళ్లు చూస్తే పోతయ్యకేమైతది? పెడితే డంపు గేటుకే పెట్టాలె."

ఆ మాటకు గంగక్కే మొదట మన్నులో చెయ్యి ముంచింది. నడుము మీద, రొమ్ము మీద, వీపు మీద, ఎవరికి వారు దాచుకున్నదంతా బయటపడింది.

భీమక్క బాలి చొక్కా పరిచింది. ఎక్కడ అద్దాలో తెలియలేదు. బిడ్డను అడగనేలేదు. చివరికి మెడపట్టీ మీద చెయ్యి అద్దింది.

"ఇది పోతయ్యది కాదు. నోరు మూసిన చెయ్యి. నాది."

మర్నాడు చొక్కాలన్నీ గేటుకు వేలాడాయి.

"ఏందే, సంత పెట్టిండ్రా?" అని పోతయ్య నవ్వాడు. ఆడవాళ్లు లోపలికి పోలేదు, గేటు ముందే కూర్చున్నారు. మొద్దులెత్తే మగవాళ్లు వచ్చి తమ పాత చొక్కాలు గుర్తుపట్టారు. తలలు దించుకున్నారు. తర్వాత వాళ్లూ గేటు ముందు కూర్చున్నారు. లారీలు బారులు తీరాయి.

మధ్యాహ్నం జీపు వచ్చింది. చొక్కాలు తీయమన్నాడు ఎస్సై. తీయనన్న భీమక్కను జీపెక్కించాడు. జీపు కదలలేదు, ముందర గంగక్క, వెనక అంతోనమ్మ, చుట్టూ మిగిలినవాళ్లంతా రోడ్డు మీద కూర్చున్నారు.

దారిలేక ఖమ్మం బస్సు ఆగింది. భీమక్క జీపులోంచే దాని ఒక్కో కిటికీ వెతికింది. బాలి లేదు. బస్సు కిటికీలోంచి ఎవరో ఒకామె, గేటుకు వేలాడుతున్న, మెడపట్టీ మీద చెయ్యి గుర్తున్న ఆ చొక్కా ఎవరిదని అడిగింది.

"నా బిడ్డది," అంది భీమక్క. "ఈసారి ఉతకను."