మూడు వోల్టుల పెట్టె

ముందు వాసన వస్తుంది.

పచ్చి చెరుకు వాసన. ఎండకు కాస్త పులిసి, దుమ్ముతో కలిసిన తీపి.

తర్వాత కాళ్ళ కింద నేల సన్నగా అదురుతుంది. చప్పుడు ఆ తర్వాతే. ఆపైన రోడ్డు నిండా చెరుకే — ఒక ట్రాక్టరు, దాని వెనక రెండు ట్రాలీలు, రెండు పక్కలా బయటికి వేలాడే గడలు.

డిసెంబరు నుంచి మార్చి దాకా మా ఇంటి ముందు రోడ్డు మాది కాదు. ఉయ్యూరు ఫ్యాక్టరీకి పోయే చెరుకుది.

ఆ చప్పుడు మా అమ్మమ్మకు లేదు.

అమ్మమ్మ ఆదెమ్మ అంటే ఒకప్పుడు బియ్యం మిల్లులో అందరికంటే గట్టిగా నవ్వే మనిషట. ముప్పై ఏళ్ళు ఆ మరల పక్కన నిలబడింది. మర ఆమె చెవుల్ని కొంచెం కొంచెంగా తినేసింది. ఎంత తిన్నదో ఎవరూ కొలవలేదు.

"వాసన చాలే నాకు," అనేది. "వాసనొస్తే ఆగుతా. పోయాక దాటతా."

కానీ గాలి ఒక్కోరోజు అటు తిరుగుతుంది.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం తిరిగింది. అమ్మమ్మ రోడ్డు మధ్యలో ఉంది. ఒక చెరుకు గడ ఆమె పైట చెంగును పట్టుకుంది. ఆమె పడలేదు... తిరిగింది. బొంగరంలా ఒక్క చుట్టు. డ్రైవరు బండి ఆపి, "చెవుడా ముసల్దానా! చావడానికి నా బండే దొరికిందా?" అని అరిచాడట. అమ్మమ్మ అతనికి నవ్వుతూ దణ్ణం పెట్టిందట.

ఎదురింటి సీతమ్మ గారు చూసి అమ్మకు చెప్పారు.

మర్నాటి నుంచి గేటుకు తాళం.

అమ్మ అంగన్‌వాడీలో ఆయా. ఎనిమిదింటికి పోతే నాలుగున్నరకు వస్తుంది. నేను బడికి. నాన్న విజయవాడలో, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక బట్టల షాపుకి వాచ్‌మన్. శనివారం వస్తాడు.

అమ్మమ్మ ఒక్కతే. గేటు లోపల.

గేటు నుంచి సీతమ్మ గారి వసారాకు ఇరవై అడుగులు. మిల్లులో పక్కపక్కన చేటలు పట్టిన ఇద్దరు మనుషులు. మిల్లు మూశాక కూడా రోజూ ఆ వసారాలో కూర్చునేవాళ్ళు. చింతపండు గింజలు తీస్తూ, ఊళ్ళో అందర్నీ ఆడిపోసుకుంటూ.

ఇరవై అడుగులు. మధ్యలో రోడ్డు.

నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మమ్మ గేటు ఊచలు పట్టుకుని నిలబడి ఉండేది. తాళం తీసి లోపలికి తీసుకుపోతే, ఆమె అరచేతుల నిండా తుప్పు.

రోజూ తుప్పు.

సబ్బుతో కడిగితే పోయేది. మర్నాడు మళ్ళీ.

తర్వాత మాట తగ్గింది. తర్వాత తిండి తగ్గింది. పెద్దాసుపత్రిలో చెవి మిషను కోసం పేరు రాయిస్తే, వేసవిలో రమ్మన్నారు. వేసవి దాకా అమ్మమ్మ ఆ ఊచల దగ్గర ఎంత మిగులుతుందో... నాకు భయం వేసింది.

అందుకే పెట్టె చేశాను.

బాలశౌరి మాస్టారు మాకు ఫిజిక్స్ చెబుతారు. బొమ్మ ఆయనే గీసి ఇచ్చారు. చిన్న మైకు. గోరంత చిప్పు. ఒక ఇయర్‌ఫోను. సామాను పేర్లు చీటీ మీద రాసిస్తే నాన్న విజయవాడ నుంచి తెచ్చాడు. బ్యాటరీ మాత్రం కొనలేదు. నాన్న పాత ఫోనులోదే.

అగ్గిపెట్టెకు రెండింతలుండే ప్లాస్టిక్ డబ్బా. దారంతో మెడకు వేలాడేలా.

మొదటిసారి అమ్మమ్మ చెవిలో పెట్టి స్విచ్ వేశాను.

అది ఈల వేసింది.

సన్నటి, పొడుగాటి, ఆగని ఈల. దూరంగా ఉన్న నాకే పళ్ళు జివ్వుమన్నాయి. అమ్మమ్మ ఉలిక్కిపడి లేచింది. కళ్ళు పెద్దవి చేసి, గోడకేసి చూస్తూ నిలబడింది.

"మిల్లు," అంది. "మిల్లు కూతేసిందే!"

కళ్ళ నిండా నీళ్ళు.

నేను స్విచ్ ఆపేశాను. నొప్పి అనుకున్నాను.

"ఈ చిప్పుకి మూడు వోల్టులు చాలమ్మా," అన్నారు మాస్టారు మర్నాడు. "నీ బ్యాటరీ నిండా ఉంటే నాలుగు దాటుతుంది. అందుకే ఈల. బ్యాటరీ మార్చక్కర్లేదు, దారిలో డయోడ్ పెట్టు. అది కొంచెం తన దగ్గర ఉంచుకుని మిగతాది పంపిస్తుంది."

ఎన్ని పెట్టాలో అడగాలనుకున్నాను. పక్కన మగపిల్లలు నిలబడి ఉన్నారు. అడగలేదు.

ఇంట్లో వోల్టుల మీటరుతో నేనే కొలుచుకున్నాను. బడి నుంచి తెచ్చిన పసుపు మీటరు. చిప్పు తీగలు విప్పి పక్కన పెట్టి, బ్యాటరీకి డయోడ్ ఒక్కటే తగిలించి చూశాను.

నాలుగు పాయింట్ ఒకటి — మూడు పాయింట్ ఎనిమిది అయింది. చాల్లేదు. ఇంకొకటి. మూడున్నర. ఇంకొకటి. మూడు పాయింట్ రెండు.

మూడు డయోడ్లు. నల్లగా, మిరియాల్లా, వరసగా.

డైరీలో రాసుకున్నాను. కింద రెండు గీతలు కొట్టాను.

తీగలు మళ్ళీ కలిపాను. ఈల లేదు. నా చెవిలో పెట్టుకుంటే దూరంగా కాకి అరుపు, బకెట్లో నీళ్ళ చప్పుడు... అన్నీ మెత్తగా, చిన్నగా. ఎంత బాగుందో అనుకున్నాను.

మంచం మీద అమ్మమ్మకు ఎదురుగా కూర్చున్నాను. పెట్టె ఆమె మెడలో వేశాను.

"అమ్మమ్మా, వినపడుతోందా?"

"వినపడతందే."

"నేనేమన్నాను?"

"వినపడుతోందా అన్నావు. పిచ్చి మొహమా."

అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. "అన్నం తింటావా అమ్మా?"

"ఆకలి లేదు. చేపముక్కుంటే తింటా."

అమ్మ నవ్వింది. ఎన్నాళ్ళకో. నవ్వి, ఆగి, నా వైపు తిరిగింది.

"నిజంగా వినపడతందంటావా? నువ్వు చెప్పవే డయానా. నువ్వు చెబితే తాళం తీస్తా."

నేను ఎవరి ముందూ మాట్లాడను. తరగతిలో హాజరు కూడా మెల్లగా పలుకుతాను. ఆ రోజు గట్టిగా పలికాను.

"వినపడుతోందమ్మా. నాదీ పూచీ."

తాళం తీశారు.

ఎదురింటి వసారాలో సీతమ్మ గారి గొంతు రోడ్డు దాటి వచ్చింది. "ఏంటే ఆదెమ్మా, మెళ్ళో ఆ ఫోనేంటి? ఎవడితో మాట్టాడతన్నావే?"

"నా మొగుడితోనే. పైనించి చేశాడు."

"ఏమంటన్నాడు?"

"సీతమ్మ నోరింకా మూతపళ్ళేదా అంటన్నాడు."

ఇద్దరూ నవ్వారు. వాళ్ళ మధ్య నుంచి చెరుకు ట్రాక్టరు పోయింది. అది పోయాక కూడా నవ్వుతూనే ఉన్నారు.

ఏడు రోజులు. రోజుకు రెండుసార్లు — అటు ఒకసారి, ఇటు ఒకసారి.

రోజూ సాయంత్రం నేను ఎదురుగా కూర్చుని అడిగేదాన్ని. రోజూ అమ్మమ్మ నా ముఖంలోకి చూస్తూ చెప్పేది. ఏం వండుకున్నారు. సీతమ్మ గారి కోడలు ఏమంది. అరచేతుల్లో తుప్పు లేదు.

ఎనిమిదో రోజు, సైన్స్ ఫెయిర్ కోసం మాస్టారు పెట్టెను చూపించమన్నారు. అమ్మమ్మను ఇంట్లోనే ఉండమని చెప్పి, రాత్రంతా ఛార్జింగ్ పెట్టి, పట్టుకుపోయాను.

మాస్టారు మూత తీశారు. తీగలు విప్పలేదు. స్విచ్ వేసి, పెట్టె పని చేస్తూండగానే మీటరు ముళ్ళు చిప్పు కాళ్ళకు ఆనించారు.

రెండు పాయింట్ రెండు.

నేను మళ్ళీ చూశాను. రెండు పాయింట్ రెండు.

"డయోడ్లు ఎలా కొలిచావమ్మా?"

"చిప్పు... విప్పేసి అండీ."

"అదీ సంగతి. కరెంటు పారనప్పుడు డయోడ్ పెద్దగా తినదు. పని మొదలయ్యాకే పూర్తిగా తినేది. ఊరికే కూర్చున్న మనిషిని చూసి బస్తా మోస్తాడో లేదో చెప్పగలమా?"

మగపిల్లలు నవ్వారు.

"ఇది బ్యాటరీ నిండా ఉన్నప్పుడు ఏదో గొణుగుతుంది. మధ్యాహ్నానికి బ్యాటరీ కాస్త దిగిందంటే మూగదే. ఒకటి తీసెయ్. రెండు చాలు."

తీశాను. సోల్డరింగ్ పొగ కళ్ళలోకి పోయింది. రెండు పాయింట్ ఎనిమిది. మాస్టారు భుజం తట్టారు.

"భేష్. ఇప్పుడు పర్లేదు."

పర్లేదు అనుకుంటూ బెంచీ మీద కూర్చున్నాను. అప్పుడు తట్టింది.

మధ్యాహ్నానికి మూగది.

అయితే సాయంత్రాలు?

ఏడు సాయంత్రాలు, మూగ పెట్టె మెడలో వేసుకుని... అమ్మమ్మ నాకు జవాబులు ఎలా చెప్పింది?

ఇంటికి పోగానే పెట్టె ఆమె మెడలో వేశాను. ఎదురుగా కూర్చున్నాను.

"ఇప్పుడెలా ఉంది అమ్మమ్మా?"

"ఎప్పట్లానే. బాగుంది."

ఎప్పట్లానే.

నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, దగ్గినట్టు పెదవులు కప్పుకుని అడుగుదామనుకున్నాను. చెయ్యి లేవలేదు.

ఆ రాత్రి డైరీ తెరిచాను. రెండు గీతలు కొట్టిన అంకె అలాగే ఉంది. దాని కింద ఏమీ రాయలేకపోయాను.

మర్నాడు నాలుగు గంటలకు బడి ఆటో నన్ను మలుపు దగ్గర దించింది.

అమ్మమ్మ సీతమ్మ గారి వైపు నుంచి ఇంటికి రావాలి. రోడ్డు అంచున నిలబడి ఉంది. వీపు నా వైపు. మెడ వెనక పెట్టె దారం తెల్లగా కనిపిస్తోంది. ఆమె చూస్తున్నది అటు, ఉయ్యూరు వైపు.

చెరుకు లోడు ఇటు నుంచి వస్తోంది. నా వెనక నుంచి.

హారన్ కొట్టాడు. పొడుగ్గా. నేను అదిరిపడ్డాను. గట్టు మీద కొంగలు లేచాయి. కాలువ అవతల ఎవరో తల తిప్పి చూశారు.

అమ్మమ్మ తల తిప్పలేదు.

వీపు కదల్లేదు. భుజం కదల్లేదు. చెంగు మాత్రం గాలికి కదిలింది.

ఒక పాదం ముందుకు పెట్టింది.

పరిగెత్తాను. ట్రాక్టరు నన్ను దాటింది. ఒక ట్రాలీ, రెండో ట్రాలీ. గడల కొసలు నా జడను రాసుకుంటూ పోయాయి. దుమ్ము...

దుమ్ము తగ్గింది.

అమ్మమ్మ అక్కడే ఉంది. ఆ ఒక్క పాదం తారు మీద, రెండోది మట్టిలో. నేల అదిరి ఆగిందో, గాలి తగిలి ఆగిందో — నాకు తెలియదు.

ఆమె వెనకాల, రెండడుగుల దూరంలో నిలబడ్డాను. పిలవాలి. "అమ్మమ్మా" అనాలి. ఆ ఒక్క మాట అంటే తెలిసిపోతుంది.

అనలేదు.

పెదవులు బిగించుకుని నిలబడ్డాను. ఊపిరి కూడా చప్పుడు కానివ్వలేదు. తెలియడమంటే భయం వేసింది.

సాయంత్రపు ఎండలో నా నీడ పొడుగ్గా సాగి ఆమె కాళ్ళ ముందు పడింది.

అమ్మమ్మ నీడను చూసింది. వెనక్కి తిరిగింది. ముఖమంతా నవ్వు.

"పిలిచావుగా," అంది. "వినపడే తిరిగా."

నేను పిలవలేదు.

ఆమె చెయ్యి గుండె మీదికి పోయింది. పెట్టెను అదిమి పట్టుకుంది — ఎవరో లాక్కుంటారన్నట్టు.

అప్పుడు అర్థమైంది. ఆమె నిజంగా విన్నది ఆ ఈల ఒక్కటే. నాలుగు పాయింట్ ఒకటి దగ్గర, పళ్ళు జివ్వుమనే ఈల. నేను దాన్ని మొదట తీసేశాను. మిగిలినవన్నీ మా పెదవుల మీద చదివింది, ముప్పై ఏళ్ళ మిల్లు మోతలో అలవాటైనట్టే. అన్నం తింటావా. వినపడుతోందా. నాదీ పూచీ.

చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాను. ఆమె వేళ్ళు నా వేళ్ళను గట్టిగా నొక్కాయి. అడిగినట్టు. బతిమాలినట్టు.

ఇంట్లో అమ్మ, ఆ రోజు తొందరగా వచ్చి, అప్పటికే పొయ్యి దగ్గర ఉంది. వీపు మా వైపు.

"ఏమే, వచ్చావా? రేపట్నుంచి మూడ్రోజులు నాకు పామర్రులో ట్రైనింగ్. పొద్దున్న పోతే చీకటి పడ్డాకే రావడం." గిన్నె దించింది. "ఈ లోడ్లు చూస్తంటే గుండె దడగా ఉంది. ఒక్కటే చెప్పు. మీ అమ్మమ్మకి వినపడతందా, లేదా? లేదంటే తాళమేసి పోతా."

నా చేతిలో అమ్మమ్మ అరచెయ్యి. మెత్తగా, శుభ్రంగా.

లేదంటే, గేటు. ఊచలు. తుప్పు.

అవునంటే...

"అడిగేది నిన్నేనే. నోట్లో బెల్లం ముక్కుందా?"

కిటికీలోంచి గాలి వచ్చింది. రోడ్డు వైపు నుంచి కాదు, పెరటి వైపు నుంచి. అందులో తీపి లేదు. దుమ్ము లేదు. ఏ వాసనా లేదు.

దూరంగా రోడ్డు మీద ఒక చప్పుడు మాత్రం మొదలైంది. నాకు వినపడుతోంది. అమ్మకు వినపడుతోంది.

అమ్మమ్మ నా పెదవులకేసి చూస్తోంది.