రెండో గీత దాటిన వైనామో

తోట ఆసుపత్రికి కాన్పుకని పొద్దున వచ్చిన వైనామోకి మధ్యాహ్నమైనా దారి తెరుచుకోలేదు. మంత్రసాని రహాబ్ చేతిలో కాన్పు కాగితం ఉంది. దానిమీద రెండు ఏటవాలు గీతలుంటాయి. కాన్పు ఎంత సాగిందో గంటగంటకీ పెట్టే గుర్తు మొదటి గీత దాటితే కళ్ళల్లో వత్తులేసుకుని చూడాలి. రెండోది దాటితే తల్లిని పెద్దాసుపత్రికి తోలాలి, అంతే, మారుమాట లేదు. వైనామో గుర్తు రెండో గీత దాటేసింది. రహాబ్ ఆఫీసుకి ఒకటే పరుగు.

"బాస్, కారు కావాలి!"

పామాయిల్ తోట మేనేజరు కెర్విన్ తలైనా ఎత్తలేదు. "అతిథుల్ని తేవడానికి పోయింది. రేపు చూద్దాం."

"బిడ్డ తల దిగట్లేదు బాస్! రేపటిదాకా ఉంటుందా?"

"ఆరేళ్ళుగా మీ కాగితాలు చూస్తున్నా. ఒక్కటైనా గీత దాటిందా? ముత్యాల్లా ఉన్నాయి. ఇవాళే ఊడిపడిందా ఆపద?"

చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, అతనన్నది నిజం. తోట మొత్తానికి ఇద్దరే మంత్రసానులు, ఆమె, లోసా. ఒకేసారి ముగ్గురు నొప్పులు పడుతుంటే గంటగంటకీ ఆ గుర్తులెవరు పెడతారు? కాన్పయ్యాక, చేతులు కడుక్కుని, గీతకి ఇవతలే వరసగా పెట్టేవాళ్ళు. తిట్లు తప్పుతాయని. వైనామో కాగితం ఒక్కటే ఏ గంటకా గంట రాసింది.

సాయంత్రం కారొచ్చింది, అతిథులతో, బీరు పెట్టెలతో. అప్పటికే బిడ్డ పోయింది. ఆ వెనకే తల్లి.

మర్నాడు ఏడుపు పందిరి కింద ఆడవాళ్ళంతా, చావుకి అక్కడి ఆచారంగా, ఒళ్ళంతా బురద పూసుకుని కూర్చున్నారు. అక్కడికే వచ్చాడు కెర్విన్, ఖాళీ కాగితం పట్టుకుని.

"మళ్ళీ రాయి. నాటుమందు తాగి ఆలస్యంగా వచ్చిందని రాయి. పాతది ఇటివ్వు."

"రాయను బాస్. ఆరేళ్ళు రాశాను, చాలు." రహాబ్ ఆడవాళ్ళకేసి తిరిగింది. దాచకుండా అంతా చెప్పేసింది.

రాలిన పళ్ళేరే ముసలమ్మ టింగే లేచింది. "సిగ్గులేనిదానా! మా కడుపుల మీద బొమ్మలు గీశావటే?"

"గీశాను అవ్వా. కొట్టు."

కొట్టలేదు. వైనామో మొగుడు పోరే, అతనూ బురద పూసుకున్నవాడే, మెల్లగా వచ్చి కాగితం ముందు కూర్చున్నాడు. చదువు రానివాడు.

"రహాబక్కా, ఈ కాగితం మీద ఎక్కడ కారొస్తే బతికేది నా పెళ్ళాం?"

రహాబ్ వేలు పెట్టి చూపించింది. పోరే అక్కడ తన బురద వేలు ఆనించాడు, తియ్యలేదు. టింగే వంగి చూసింది. "ఈ గీతేనా?" ఒకత్తి తరవాత ఒకత్తి అందరూ వంగారు. ఆ పూట చదువు రాని నూరుమంది ఆ కాగితం చదవడం నేర్చుకున్నారు.

కెర్విన్ పిలిచిన పోలీసు జీపొచ్చింది. కంపెనీ కాగితం దొంగిలించిందట! రహాబ్‌ని ఎక్కించారు. కాగితం మాత్రం దొరకలేదు. చేతులు మారి ఎటో పోయింది.

కోసిన గెలలు రోజు తిరక్కుండా మిల్లుకి చేరకపోతే నూనె చెడుతుంది. నిండు లారీ బయల్దేరింది. ఆడవాళ్ళు దారికడ్డంగా కూర్చున్నారు. అందరికన్నా ముందు, నిండు చూలాలు ఎపెల్, కాళ్ళు బారజాపుకుని.

"లేవవే, చస్తావ్!" కెర్విన్ అరిచాడు.

"నాకు వచ్చే నెల, బాస్. కారు మన ఆసుపత్రి గుమ్మంలో నిలబెట్టు, తాళం లోసాకియ్యి. రహాబక్కని దింపు. అప్పుడు లేస్తా."

లారీ వెనక ఆగిపోయిన జీపు జాలీలోంచి చూస్తోంది రహాబ్. లారీ హారన్ కొట్టింది, మళ్ళీ మళ్ళీ కొట్టింది. ఆఖరికి డ్రైవరు ఇంజను ఆపి, దిగి, ఎపెల్ పక్కనే చతికిలపడ్డాడు.